మైదానంలో గీసిన గీత: అలబామా ప్రైవేటు పాఠశాలల క్రీడా సమాఖ్య చరిత్ర

అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రంలో కొన్ని ప్రైవేటు ఉన్నత పాఠశాలలు తమలో తాము క్రీడాపోటీలు నిర్వహించుకొనేందుకు 1966లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. నాడు దాని పేరు అలబామా ప్రైవేట్ స్కూల్ అసోసియేషన్. తరువాతి కాలంలో అది అలబామా ఇండిపెండెంట్ స్కూల్ అసోసియేషన్‌గా పేరు మార్చుకొంది. పైకి చూస్తే ఇది బడిపిల్లల ఆటలకు సంబంధించిన వ్యవహారం. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలి, విజేతకు ఏ బహుమతి ఇవ్వాలి అన్నంత వరకే దాని పని. అయితే ఈ చిన్న సమాఖ్య పుట్టుక వెనుక ఒక జాతి యావత్తు ఎదుర్కొన్న వివక్ష ఉంది. న్యాయస్థానాల సుదీర్ఘ పోరాటాలు ఉన్నాయి. నల్లజాతి పిల్లలతో కలిసి చదవడం ఇష్టం లేని కుటుంబాలు బడి మార్చుకున్నాయి. కలిసి ఆడవలసిన అవసరం కూడా లేకుండా చేసుకొనేందుకు వేరే మైదానాన్ని సిద్ధం చేసుకున్నాయి. ఆ మైదానం కథే ఇది.

ఆటకు సంఘం ఎందుకు?

అమెరికాలో ఉన్నత పాఠశాల క్రీడలకు ఉన్న ప్రాధాన్యం మన జిల్లాల్లోని పాఠకులకు కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. శరదృతువులో ప్రతి శుక్రవారం రాత్రి చిన్న పట్టణాలలో ఊరంతా స్టేడియానికి తరలివెళ్తుంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి, జట్టుకు పదకొండు మంది చొప్పున ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. పాఠశాల బ్యాండు మేళం, ఉత్సాహపరిచే బాలికల బృందం, పూర్వవిద్యార్థుల రాక వీటన్నిటితో అది ఒక తిరునాళ్ళను తలపిస్తుంది. ఊరి గౌరవం, పాఠశాల పేరు ఆ ఆటతోనే ముడిపడి ఉంటాయి.

ఇటువంటి పోటీలు క్రమబద్ధంగా జరగాలంటే ఒక సంఘం తప్పనిసరి. విద్యార్థుల సంఖ్యను బట్టి పాఠశాలలను తరగతులుగా విభజించడం, ఆటగాళ్ళ వయసు, హాజరు, బదిలీలకు నిబంధనలు రూపొందించడం, పోటీల పట్టిక తయారుచేయడం, నిర్ణేతలను నియమించడం, రాష్ట్రస్థాయి విజేతను ప్రకటించడం దాని విధులు. ఏ సంఘంలోనూ సభ్యత్వం లేని పాఠశాలకు ఆడేందుకు ప్రత్యర్థి దొరకడమే కష్టం. ఆటలు లేని పాఠశాలకు పిల్లలను పంపేందుకు తల్లిదండ్రులు వెనుకాడతారు. కొత్తగా పుట్టిన ఒక పాఠశాల నిలదొక్కుకోవాలంటే తరగతి గదులు, ఉపాధ్యాయులతో పాటు ఒక జట్టు, ఆ జట్టుకు ఒక సంఘం అవసరమవుతాయి. అలబామా ప్రైవేటు పాఠశాలలు ఈ సంగతిని ఆదిలోనే గ్రహించాయి.

నల్లరేగడి సీమలో

అలబామా మధ్యభాగంలో తూర్పు నుంచి పడమర వరకు ఒక పట్టీలా విస్తరించిన ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు. మన నల్లరేగడి నేలల వలెనే అక్కడి నల్లని మట్టిని బట్టి తొలుత ఆ పేరు వచ్చింది. పత్తి అక్కడ ప్రధాన పంట. ఆ పత్తి చేలలో పనిచేసేందుకు ఆఫ్రికా సంతతి వారిని బానిసలుగా తెచ్చి నిలిపారు. ఫలితంగా ఆ కౌంటీలలో నల్లజాతివారే అధిక సంఖ్యాకులయ్యారు. కౌంటీ అంటే పాలనాపరంగా మన జిల్లా వంటిది. బానిసత్వం రద్దయిన తరువాత కూడా భూములు, అధికారం, ఓటు హక్కు శ్వేతజాతివారి చేతిలోనే ఉండిపోయాయి. బడులు వేరు, బస్సులలో సీట్లు వేరు, ఉద్యానవనాలు వేరు, చివరకు మంచినీటి కుళాయిలు కూడా వేరు.

క్రీడలు ఇందుకు మినహాయింపు కాదు. శ్వేతజాతి ఉన్నత పాఠశాలలకు 1921లో స్థాపించిన అలబామా హైస్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్ ఉండగా, నల్లజాతి పాఠశాలలకు అలబామా ఇంటర్‌స్కొలాస్టిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పేరుతో మరొక సంఘం ఉండేది. ఒకే ఊరిలో రెండు జట్లు ఉన్నా అవి ఒకదానితో ఒకటి తలపడేవి కావు.

ఈ స్థితిలో 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలలలో జాతి ప్రాతిపదికన పిల్లలను వేరుచేయడం రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. బ్రౌన్ కేసుగా ప్రసిద్ధమైన ఈ తీర్పు వెలువడినా దక్షిణాది రాష్ట్రాలు దానిని అమలు చేయడానికి సిద్ధపడలేదు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ పాఠశాలలనే మూసివేసింది. అక్కడి శ్వేతజాతి పిల్లల కోసం ప్రైవేటు అకాడమీ వెలసింది. నల్లజాతి పిల్లలలో అనేకులు చదువుకు దూరమయ్యారు. ఇదే మార్గం కాలక్రమంలో దక్షిణాది అంతటికీ నమూనా అయింది.

టస్కీగీలో తొలి అడుగు

అలబామాలోని మేకన్ కౌంటీ కేంద్రం టస్కీగీ. ప్రఖ్యాత నల్లజాతి విద్యాసంస్థ టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ ఉన్న పట్టణమది. అక్కడి నల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లలను శ్వేతజాతి పాఠశాలలో చేర్చుకోవాలని కోరుతూ 1963 జనవరిలో కోర్టును ఆశ్రయించారు. న్యాయవాది ఫ్రెడ్ గ్రే వారి పక్షాన వాదించారు. లీ వర్సెస్ మేకన్ కౌంటీ విద్యామండలి పేరుతో చరిత్రకెక్కిన కేసు ఇదే. ఫెడరల్ న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ ఆదేశం మేరకు ఆ సెప్టెంబరులో 13 మంది నల్లజాతి విద్యార్థులు టస్కీగీ ఉన్నత పాఠశాలలో చేరవలసి ఉండగా, గవర్నర్ జార్జ్ వాలెస్ రాష్ట్ర పోలీసులను పంపి పాఠశాలను తెరవనీయలేదు.

న్యాయస్థానం జోక్యంతో పాఠశాల తెరుచుకొంది. కానీ రోజుల వ్యవధిలోనే శ్వేతజాతి విద్యార్థులందరూ దానిని వీడిపోయారు. వారిలో కొందరు కౌంటీలోని ఇతర పాఠశాలలకు వెళ్ళగా, మరికొందరి కోసం అదే ఏడాది మేకన్ అకాడమీ అనే ప్రైవేటు పాఠశాల ఏర్పాటైంది. ఓటు హక్కు కోసం సాగిన ఉద్యమంతో ప్రపంచం దృష్టిని ఆకర్షించిన సెల్మా పట్టణంలో 1965లో జాన్ టి. మోర్గాన్ అకాడమీ ప్రారంభమైంది. అంతర్యుద్ధంలో దక్షిణాది సేనల పక్షాన పోరాడి, తరువాత సెనేటర్ అయిన వ్యక్తి పేరును దానికి పెట్టారు. ఇటువంటి పాఠశాలలను చరిత్రకారులు వేర్పాటు అకాడమీలని వ్యవహరిస్తున్నారు.

వాటి స్థాపకులు మాత్రం క్రమశిక్షణ, మతవిశ్వాసం, నాణ్యమైన చదువు తమ లక్ష్యాలని చెప్పుకొన్నారు. కొన్ని కుటుంబాల విషయంలో అది నిజం కూడా కావచ్చు. కానీ న్యాయస్థానం ఎప్పుడు ఆదేశాలిస్తే అప్పుడు, ఎక్కడ ఇస్తే అక్కడ ఈ పాఠశాలలు పుట్టుకురావడం అసలు కారణాన్ని చాటిచెబుతోంది.

1966: సమాఖ్య ఆవిర్భావం

కొత్త అకాడమీలు చాలా చిన్నవి. కొన్ని పాత ఇళ్ళలో, కొన్ని చర్చి గదులలో మొదలయ్యాయి. ఒక్కొక్క తరగతిలో పట్టుమని ఇరవై మంది లేని చోట పదకొండు మందితో ఫుట్‌బాల్ జట్టును కూర్చడమే కష్టం. ఊళ్ళో ఉన్న ప్రభుత్వ పాఠశాల మీద ఆడేందుకు వారు సిద్ధంగా లేరు. తమ వంటి అకాడమీ మరొక కౌంటీలో ఎక్కడో ఉంటుంది. ఈ పాఠశాలలన్నిటినీ ఒక తాటిపైకి తెచ్చి, క్రీడలతో పాటు విద్యాసంబంధమైన పోటీలను సమన్వయపరిచేందుకు 1966లో అలబామా ప్రైవేట్ స్కూల్ అసోసియేషన్ ఏర్పడింది. దీనితో అకాడమీ పిల్లలకు కూడా పోటీల పట్టిక, ప్రాంతీయ విజేతలు, రాష్ట్ర ఛాంపియన్ అనే హోదా లభించాయి.

పొరుగు రాష్ట్రాలలోనూ ఇదే ధోరణి కనిపించింది. దక్షిణ కరోలినాలో 1965లో, మిసిసిపీలో 1968లో ప్రైవేటు పాఠశాలల సంఘాలు వెలిశాయి. మిసిసిపీ సంఘం 2019 నుంచి మిడ్‌సౌత్ అసోసియేషన్ ఆఫ్ ఇండిపెండెంట్ స్కూల్స్ పేరుతో కొనసాగుతోంది.

ఆర్థికంగా అకాడమీలకు తోడ్పడేందుకు అలబామా శాసనసభ ప్రైవేటు పాఠశాలల ఫీజులకు ప్రభుత్వ సాయం అందించే చట్టం చేసింది. లీ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 1967 మార్చిలో ఆ చట్టాన్ని కొట్టివేసింది. అదే తీర్పులో రాష్ట్రంలోని 99 పాఠశాల వ్యవస్థలలో వేర్పాటును తొలగించాలని ఆదేశించింది. ఒక పట్టణంలో మొదలైన దావా రాష్ట్రమంతటికీ వర్తించింది. ప్రభుత్వ పాఠశాలలలో మార్పు ఇక ఆగదని తేలిపోవడంతో కొత్త అకాడమీల సంఖ్య వేగంగా పెరిగింది. 1969, 1970 సంవత్సరాలలో బ్లాక్ బెల్ట్ కౌంటీలలో అవి వరుసగా వెలిశాయి. సమాఖ్య కూడా ఆ మేరకు విస్తరించింది.

రెండు సంఘాలు ఒక్కటైన వేళ

ప్రైవేటు సమాఖ్య బలపడుతున్న రోజులలోనే ప్రభుత్వ పాఠశాలల క్రీడారంగంలో మరొక ముఖ్య పరిణామం సంభవించింది. నల్లజాతి, శ్వేతజాతి పాఠశాలలకు వేర్వేరు క్రీడా సంఘాలు ఉండడం చెల్లదని అదే లీ కేసులో న్యాయస్థానం 1968లో స్పష్టం చేసింది. రెండు సంఘాలనూ విలీనం చేయాలని ఆదేశించింది. దీనితో నల్లజాతి పాఠశాలల జట్లు తొలిసారిగా అలబామా హైస్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్ పోటీలలో అడుగుపెట్టాయి.

ఈ విజయానికి చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు. పాఠశాలల విలీనంలో మూతబడినవి ఎక్కువగా నల్లజాతి పాఠశాలలే. వాటితోపాటు జట్ల పేర్లు, రంగులు, దశాబ్దాల బహుమతులు కనుమరుగయ్యాయి. ఎందరో నల్లజాతి ప్రధానోపాధ్యాయులు, ముఖ్య శిక్షకులు తమ హోదాలు కోల్పోయి సహాయకులుగా మిగిలారు. అయినా ఒకే మైదానంలో కలిసి ఆడే తరం అక్కడి నుంచే మొదలైంది. కలిసి ఆడడం ఇష్టం లేనివారికి మాత్రం ప్రైవేటు సమాఖ్య రూపంలో మరొక దారి అప్పటికే తెరిచి ఉంది.

స్టేడియం ఎవరిది?

ప్రైవేటు పాఠశాలకు జట్టు ఉంది, సంఘం ఉంది. మరి మైదానం? స్టేడియం నిర్మాణం చిన్న పాఠశాలలకు తలకు మించిన భారం. రాజధాని మాంట్‌గోమరీ నగరంలో ఈ సమస్యకు సులభమైన పరిష్కారం దొరికింది. నగరపాలక సంస్థ తన ఆట స్థలాలను ప్రైవేటు పాఠశాలలకు పోటీల కోసం కేటాయించసాగింది. పన్నులు చెల్లించేవారిలో నల్లజాతి పౌరులూ ఉన్నారు. ఆ పన్నులతో నిర్మించి, నిర్వహిస్తున్న మైదానాలను వారి పిల్లలకు ప్రవేశం లేని పాఠశాలలు వాడుకొంటున్నాయి. ఈ అంశమే చివరకు సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది.

ఆ కేసుకు పేరు తెచ్చిన జార్జియా గిల్మోర్ కథను ఇక్కడ ప్రస్తావించడం అవసరం. ఆమె వంటలు చేసి జీవించిన సామాన్య మహిళ. 1955లో మాంట్‌గోమరీ నగర బస్సులను నల్లజాతివారు బహిష్కరించినప్పుడు, భోజనాలు, కేకులు తయారుచేసి అమ్మి ఆ డబ్బును ఉద్యమానికి సమకూర్చిన మహిళా బృందాన్ని ఆమె నడిపారు. మార్టిన్ లూథర్ కింగ్ మీద సాగిన విచారణలో సాక్ష్యం చెప్పిన తరువాత ఉద్యోగం పోగొట్టుకున్నారు. అటుపై సొంత ఇంటినే భోజనశాలగా మార్చుకున్నారు. 1957లో ఆమె కుమారుడు మార్క్ పనికి వెళ్తూ దగ్గరి దారి అని శ్వేతజాతివారికి కేటాయించిన ఓక్ పార్కు గుండా నడిచినందుకు పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నాడు. ఉద్యానవనాలలో వేర్పాటును సవాలు చేస్తూ 1958లో దాఖలైన దావాకు ఆమె పేరే వచ్చింది.

నగరపాలకులు రాజీకి రాలేదు. తీర్పు రాకముందే, 1959 జనవరి 1 నుంచి నగరంలోని ఉద్యానవనాలన్నిటినీ మూసివేశారు. జంతు ప్రదర్శనశాలలోని జంతువులను అమ్మేశారు. ఈత కొలనును పూడ్చివేశారు. నల్లజాతి పిల్లలకు అందకూడదన్న పట్టుదలతో శ్వేతజాతి పిల్లలకు కూడా పచ్చిక లేకుండా చేశారు. వేర్పాటు చెల్లదని 1959లో న్యాయమూర్తి జాన్సన్ తీర్పు చెప్పినా, పార్కులు తిరిగి తెరుచుకొనేసరికి 1965 వచ్చింది.

తిరిగి తెరిచిన మైదానాలను ప్రైవేటు అకాడమీలకు కేటాయించడాన్ని ప్రశ్నిస్తూ 1970 చివర పిటిషనర్లు మళ్ళీ అదే కేసులో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ప్రభుత్వ పాఠశాలలలో వేర్పాటును తొలగించాలన్న ఆదేశం నుంచి తప్పించుకొనేందుకు పుట్టిన పాఠశాలలకు నగరం మైదానాలు ఇస్తోందని, దానివల్ల అవి పూర్తిస్థాయి క్రీడా కార్యక్రమాలు నిర్వహించుకొంటూ మరింత ఆకర్షణీయంగా మారుతున్నాయని 1972 జనవరిలో జాన్సన్ నిర్ధారించారు. ఇటువంటి వినియోగాన్ని నిలిపివేయాలని ఆదేశించారు. చదువుల మీద ఇచ్చిన తీర్పును ఆటస్థలం మీదుగా దాటవేయడం కుదరదని దీని సారాంశం.

1974 జూన్ 17 తీర్పు

గిల్మోర్ వర్సెస్ మాంట్‌గోమరీ నగరం కేసులో సుప్రీంకోర్టు 1974 జూన్ 17న తుది తీర్పు వెలువరించింది. న్యాయమూర్తి హ్యారీ బ్లాక్‌మన్ రాసిన ఆ తీర్పు ప్రకారం, వేర్పాటు పాటించే ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ క్రీడా సదుపాయాలను కొంతసేపైనా సరే పూర్తిగా వారి అధీనంలోకి ఇవ్వరాదు. ఒక సాయంత్రం స్టేడియం అంతా ఆ పాఠశాల చేతిలో పెట్టడం, వేర్పాటుకు నగరం చేయూతనివ్వడమే అవుతుంది. అయితే ఇతర పౌరులతో పాటు మామూలుగా పార్కును, జంతు ప్రదర్శనశాలను, మ్యూజియాన్ని సందర్శించే విషయం వేరని న్యాయస్థానం అభిప్రాయపడింది. అందులో ప్రభుత్వ ప్రమేయం ఎంతవరకు ఉందో మరింత విచారించాలని కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది.

దీనికి ఏడాది ముందు, 1973లో నార్‌వుడ్ కేసులో మిసిసిపీ రాష్ట్రం వేర్పాటు అకాడమీల విద్యార్థులకు ఉచిత పాఠ్యపుస్తకాలు ఇవ్వరాదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. పుస్తకం కాని, మైదానం కాని, ప్రజాధనంతో సమకూర్చినదేదీ వివక్షకు ఉపకరించరాదని ఈ రెండు తీర్పులూ కలిసి నిర్దేశించాయి. 1976లో రన్యన్ కేసులో మరొక అడుగు ముందుకు వేసి, జాతి కారణంగా విద్యార్థులకు ప్రవేశం నిరాకరించడం ప్రైవేటు పాఠశాలలకు కూడా చట్టవిరుద్ధమని ప్రకటించింది.

పన్ను రాయితీతో వచ్చిన మార్పు

తీర్పుల కంటే కొన్నిసార్లు పన్నుల నిబంధనలే ఎక్కువ ప్రభావం చూపాయి. జాతి వివక్ష పాటించే ప్రైవేటు పాఠశాలలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇవ్వబోమని అమెరికా పన్నుల శాఖ 1970లో ప్రకటించింది. మిసిసిపీ తల్లిదండ్రులు వేసిన కేసులో 1971లో న్యాయస్థానం దానిని ఖరారు చేసింది. 1975లో ఆ శాఖ జారీచేసిన నిబంధనల ప్రకారం మినహాయింపు కోరే ప్రతి పాఠశాలా తాను వివక్ష పాటించబోనని బహిరంగంగా ప్రకటించాలి. ఆ ప్రకటన ప్రవేశాలు, ఉపకార వేతనాలతో పాటు క్రీడలకు కూడా వర్తించాలని నిబంధనలలో ప్రత్యేకంగా పేర్కొనడం గమనార్హం. 1983లో బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు ఈ విధానాన్ని సమర్థించింది.

కాగితం మీద తలుపులు తెరుచుకున్నాయి. ఆచరణలో అవి తెరుచుకొనేందుకు దశాబ్దాలు పట్టింది. సెల్మాలోని మోర్గాన్ అకాడమీలో తొలి నల్లజాతి విద్యార్థి చేరింది 2008లో. అంటే పాఠశాల పుట్టిన 43 ఏళ్ళ తరువాత. చేర్చుకోబోమని చెప్పకపోయినా, ఫీజులు చెల్లించే స్తోమత, తమకు అక్కడ గౌరవం దక్కుతుందన్న నమ్మకం లేని కుటుంబాలు ఆ గడప తొక్కలేదు.

ఇదే కాలంలో విశ్వవిద్యాలయాల మైదానాలు మారిపోయాయి. 1970 సెప్టెంబరు 12న బర్మింగ్‌హామ్ నగరంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టు అలబామా విశ్వవిద్యాలయాన్ని 42-21 తేడాతో ఓడించింది. నల్లజాతి ఆటగాడు సామ్ కన్నింగ్‌హామ్ ఆ ఆటలో విజృంభించాడు. అప్పటికే విల్బర్ జాక్సన్ అలబామాలో ఉపకార వేతనం పొంది చేరి ఉన్నాడు. 1971లో జాన్ మిచెల్ ఆ జట్టు తరఫున బరిలో దిగాడు. అకాడమీల విద్యార్థులు ఆరాధించే విశ్వవిద్యాలయ జట్టులో నల్లజాతి వీరులు తారలయ్యారు. ఆ అకాడమీల సొంత జట్లు మాత్రం చాలాకాలం శ్వేతజాతివారికే పరిమితమయ్యాయి.

1.35 లెక్క

ప్రైవేటు పాఠశాలలన్నీ ఈ సమాఖ్యలోనే ఉన్నాయని భావించరాదు. క్యాథలిక్ పాఠశాలలతో సహా అనేక ప్రైవేటు సంస్థలు ప్రభుత్వ పాఠశాలలతో కలిసి అలబామా హైస్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్‌లో ఆడుతూ వచ్చాయి. అక్కడ వేరే వివాదం తలెత్తింది. ప్రైవేటు పాఠశాలలు తమకు కావలసిన విద్యార్థులను ఎంచుకోగలవు. ప్రభుత్వ పాఠశాలలకు తమ పరిధిలోని పిల్లలే దిక్కు. కనుక పోటీ సమానం కాదన్న వాదన బలపడింది. దీనితో ప్రైవేటు పాఠశాల విద్యార్థుల సంఖ్యను 1.35తో గుణించి ఏ తరగతిలో ఆడాలో నిర్ణయించే పద్ధతి 1999లో ఆమోదం పొందింది. అంటే 100 మంది ఉన్న ప్రైవేటు పాఠశాలను 135 మంది ఉన్నట్లుగా లెక్కించారు. పెద్ద పాఠశాలలతో తలపడడం ఇష్టం లేని చిన్న అకాడమీలకు సొంత సమాఖ్యలో కొనసాగేందుకు ఇది మరొక కారణమైంది.

పొరుగున ఉన్న టెనెసీలో నిబంధనల వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే ప్రైవేటు పాఠశాల ఆటగాళ్ళను ఆకర్షించేందుకు నిబంధన ఉల్లంఘించిందని రాష్ట్ర క్రీడా సంఘం జరిమానా విధించింది. ప్రభుత్వ పాఠశాలలతో పెనవేసుకున్న క్రీడా సంఘం ప్రభుత్వంలో భాగంగానే పరిగణన పొందుతుందని, రాజ్యాంగ నియమాలకు కట్టుబడాలని 2001లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తేల్చింది. ఆ సంఘం నిబంధన రాజ్యాంగబద్ధమేనని 2007లో అదే కోర్టు స్పష్టం చేసింది. బడిపిల్లల ఆటల సంఘం ఎంతటి అధికారం కలిగినదో ఈ తీర్పులు తెలియజేస్తున్నాయి.

తరిగిపోతున్న పిల్లలు

గ్రామీణ అలబామాలో జనాభా తగ్గిపోతోంది. యంత్రాలు రావడంతో పత్తి చేలలో పని తగ్గింది. యువత నగరాల బాట పట్టింది. ఈ పరిణామం అకాడమీలను తీవ్రంగా దెబ్బతీసింది. మేకన్ అకాడమీ 1990వ దశకంలో టస్కీగీని వీడి మాంట్‌గోమరీ శివారుకు తరలిపోయి, మేకన్ ఈస్ట్ అకాడమీగా మారింది. కొన్ని పాఠశాలలు పదకొండు మందిని కూడగట్టలేక ఎనిమిది మందితో ఆడే ఫుట్‌బాల్‌కు మారాయి. మరికొన్ని శాశ్వతంగా మూతబడ్డాయి.

సమ్టర్ కౌంటీ ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడ 1970లో ఏర్పడిన సమ్టర్ అకాడమీ విద్యార్థుల కొరతతో 2017లో తలుపులు మూసింది. దాదాపు అర్ధశతాబ్దం పాటు ఆ కౌంటీలో శ్వేతజాతి పిల్లలు అకాడమీలో, నల్లజాతి పిల్లలు ప్రభుత్వ పాఠశాలలో చదువుకున్నారు. మరుసటి ఏడాది, 2018 ఆగస్టులో లివింగ్‌స్టన్ పట్టణంలోని పశ్చిమ అలబామా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో యూనివర్సిటీ చార్టర్ స్కూల్ ప్రారంభమైంది. ప్రభుత్వ నిధులతో, ఫీజు లేకుండా నడిచే ఆ పాఠశాలలో రెండు జాతుల పిల్లలూ గణనీయమైన సంఖ్యలో ఒకే గదిలో కూర్చున్నారు. ఆ కౌంటీకి అది కొత్త దృశ్యం.

మళ్ళీ ప్రభుత్వ ధనం

ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ ధనం అన్న ప్రశ్న మరొక రూపంలో తిరిగి వచ్చింది. 2024 మార్చిలో గవర్నర్ కే ఐవీ సంతకం చేసిన చట్టం ప్రకారం ప్రైవేటు పాఠశాలలో చేరే విద్యార్థికి ఏడాదికి 7,000 డాలర్ల వరకు లభిస్తుంది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి అమలైన ఈ పథకం అన్ని జాతుల వారికీ వర్తిస్తుంది. 1960వ దశకం నాటి ఫీజు సాయానికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా అదే. పేద కుటుంబాలకు ఎంచుకొనే అవకాశం దక్కుతుందని సమర్థకులు అంటుండగా, ప్రభుత్వ పాఠశాలలు బలహీనపడతాయని విమర్శకులు వాదిస్తున్నారు.

ఈ వివాదం కూడా ఆటస్థలానికే చేరింది. ఈ సొమ్ముతో పాఠశాల మారిన విద్యార్థి ఏడాదిపాటు పోటీలలో ఆడరాదని అలబామా హైస్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్ నిర్ణయించింది. దీనిని సవాలు చేస్తూ 2025 సెప్టెంబరులో గవర్నర్, ప్రతినిధుల సభ స్పీకర్ కోర్టుకు వెళ్ళగా, నిబంధన అమలును న్యాయస్థానం తాత్కాలికంగా నిలిపివేసింది.

పిల్లలు ఏ బడిలో చదవాలన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అలబామాలో అది ఎవరితో ఆడాలన్న ప్రశ్నగా మారుతోంది. 1966లో వెలసిన ఆ చిన్న సమాఖ్య ఇప్పటికీ కొనసాగుతోంది. దాని జట్లలో నేడు వివిధ జాతుల పిల్లలు కనిపిస్తారు. వారిలో చాలామందికి తమ పాఠశాల ఎందుకు పుట్టిందో తెలియకపోవచ్చు. అయినా ఆ మైదానాలకు ఒక చరిత్ర ఉంది. కుమారుడు పార్కులో నడిచినందుకు దెబ్బలు తింటే, ఊరి పార్కు ఊరందరిదీ అని ఒక వంటమనిషి కోర్టు మెట్లెక్కారు. ఆమె పేరు మీదనే పదహారేళ్ళ తరువాత ఊరి స్టేడియం కూడా అందరిదీ అని దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

ముఖ్య ఘట్టాలు

1954: ప్రభుత్వ పాఠశాలలలో వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని బ్రౌన్ కేసులో తీర్పు.

1959: మాంట్‌గోమరీ నగర ఉద్యానవనాల మూసివేత.

1963: టస్కీగీ పాఠశాల వివాదం, మేకన్ అకాడమీ ఏర్పాటు.

1966: అలబామా ప్రైవేట్ స్కూల్ అసోసియేషన్ ఆవిర్భావం.

1968: నల్లజాతి, శ్వేతజాతి ప్రభుత్వ పాఠశాలల క్రీడా సంఘాల విలీనానికి ఆదేశం.

1974: గిల్మోర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు.

1976: ప్రైవేటు పాఠశాలల ప్రవేశాలలో జాతి వివక్ష చట్టవిరుద్ధమని తీర్పు.

1999: ప్రైవేటు పాఠశాలలకు 1.35 లెక్కింపు పద్ధతి.

2017: సమ్టర్ అకాడమీ మూసివేత.

2025: ప్రభుత్వ సాయంతో బడి మారిన క్రీడాకారుల అర్హతపై కోర్టు వివాదం.